మైలవరం బస్సులో మోసుకెళ్ళిన రాగం

పోయిన మాఘమాసంలో మా ఆడపడుచు మనవడి పెళ్ళికి నన్నూ మా అమ్మాయినీ ఒకే కారులో తీసుకెళ్ళారు. ఊరి బయట కొత్తగా కట్టిన ఫంక్షన్ హాలు. లోపల వణికించే చల్లదనం, కళ్ళు చెదిరే దీపాలు, గుండెల మీద ఎవరో పిడికిలితో గుద్దుతున్నట్టు డీజే పాటలు. సన్నాయి ఆయన్నీ డోలు ఆయన్నీ ఒక స్తంభం వెనక, కూల్‌డ్రింకుల పెట్టెల పక్కన కూర్చోబెట్టారు. ఆ డీజే కాసేపు ఊపిరి పీల్చుకోవడానికి ఆగినప్పుడు స్తంభం వెనక నుంచి సన్నాయి మెల్లగా ఏదో ఎత్తుకుంది. నా పక్కన కూర్చుని నా బీపీ మాత్రల గురించి దెబ్బలాడుతున్న మా అమ్మాయి మాట మధ్యలో ఆగిపోయింది. దానికి అరవై దాటాయి. టీచరుగా చేసి రిటైరైంది, మోకాళ్ళు అరిగాయి, జుట్టు నెరిసింది. అలాంటిది గడ్డం కొంచెం పైకెత్తి, కళ్ళు సగం మూసి, చూపుడువేలితో మోకాలి మీద చిన్నగా కొట్టుకోవడం మొదలుపెట్టింది. అచ్చం వాళ్ళ నాన్నే. ఆ వేలు చూసేసరికి నా కడుపులో ఎప్పటిదో పాత మంట ఒకటి మళ్ళీ రాజుకుంది. ఎనభై దాటినదాన్ని, ఇప్పుడు నాకీ మంటేమిటని నాకే నవ్వొచ్చింది. నవ్వొచ్చినంత మాత్రాన మంట చల్లారదు గదా.

డెబ్భైల మధ్యలో మాట ఇది. అప్పట్లో మేం గవర్నర్‌పేటలో ఒక సందులో ఒక వాటాలో అద్దెకుండేవాళ్ళం. మా ఆయన దగ్గర్లోనే హోల్‌సేల్ బట్టల కొట్టులో గుమాస్తా. పొద్దున్న వెళ్తే దీపాలు పెట్టేవేళకు ఇంటికొచ్చేవారు. మనిషి చెడ్డవారు కాదు గానీ, మాట మాత్రం బయట కొట్టులోనే ఖర్చయిపోయేది. ఇంటికి చేరేసరికి ‘ఊ’, ‘ఆహా’ మాత్రం మిగిలేవి. అమ్మాయి తొమ్మిదో తరగతికి వచ్చింది. ఎదిగిన ఆడపిల్లతో తండ్రి ముఖాముఖీ మాట్లాడటం వాళ్ళ వైపు అలవాటు లేదు. మా మామగారు బతికున్నన్నాళ్ళూ మా ఆడపడుచులతో ఏం చెప్పాలన్నా మా అత్తగారితోనే చెప్పించేవారట. ఆ పద్ధతి మా ఇంటికీ వచ్చింది. ఆయన వరండాలో పడక్కుర్చీలో, అది గదిలో కిటికీ దగ్గర, వంటింట్లో నేను. ‘దాన్ని దీపం దగ్గరగా పెట్టుకుని చదవమను’ అని ఆయన నాతో అనేవారు. మధ్య గుమ్మానికి తలుపే లేదు, ఆ మాట దానికి నాకంటే ముందే వినపడేది. అయినా నేను వెళ్ళి, ‘నాన్నగారు దీపం దగ్గరగా పెట్టుకోమంటున్నారే’ అనేదాన్ని. ‘దగ్గరగానే ఉందని చెప్పు’ అనేది అది. నేను మళ్ళీ వరండాలోకి. నవ్వుతారు గానీ, ఆ తిరుగుడు నాకు ఇష్టం. నేను మూడో తరగతితో ఆపేసినదాన్ని. రాసుకోవడం అలవాటు లేక అన్నీ తలలోనే పెట్టుకునేదాన్ని. ఎవరి పెళ్ళిలో ఎవరు ఏ రంగు చీర కట్టారో, ఎవరు ఏ మాట అన్నారో, ఎక్కడ గుక్క తిప్పుకున్నారో కూడా ఇప్పటికీ అలాగే చెప్పగలను. ఆ ఇంట్లో మాట కదలాలంటే నేను కదలాలి. ఏ ఇల్లాలికైనా అంతకంటే పెద్ద ఉద్యోగం ఏముంటుంది?

ఆ ఉద్యోగానికి ఎసరు వచ్చింది చల్లపల్లిలో. ఆయన మేనమామ కొడుకు పెళ్ళి అక్కడ. పగటి ముహూర్తం. పెళ్ళి మేళం గురించి ఒక్క మాట చెప్పాలి. పెళ్ళి జరుగుతున్నంతసేపూ మేళం వాళ్ళది పురోహితుడి చేతికింద బతుకు. ఆయన చెయ్యి ఊపితే గట్టిమేళం, ఆపమంటే ఆపాలి, మళ్ళీ ఊపితే మళ్ళీ. తలంబ్రాలయి, భోజనాలకు లేవండని పిలుపు వచ్చాక పందిరి ఖాళీ అవుతుంది. అప్పుడిక వాళ్ళను అడిగేవాడు ఉండడు, వినేవాడూ ఉండడు. ఆ కాస్తసేపే వాళ్ళు తమకోసం తాము వాయించుకుంటారు. నాకీ సంగతి అప్పుడు తెలియదు, తర్వాత తండ్రీకూతుళ్ళు చెప్పుకుంటుంటే విని నేర్చుకున్నాను. సరే, మొదటి బంతి వేశారు. మా ఆయన కనపడలేదు, పిల్ల కనపడలేదు. వడ్డించిన ఆకులు చల్లారిపోతున్నాయని వెతుక్కుంటూ పందిట్లోకి వచ్చాను. తొక్కి నలిగిన పూలు, తిరగేసిన కుర్చీలు, ఎవరో మర్చిపోయిన చంటిపిల్ల గౌను. మేళం వాళ్ళు కళ్ళు మూసుకుని వాయిస్తున్నారు. ఆ చివర రాట పక్కన మా ఆయన. ఈ చివర అరటి బోదె వెనక మా అమ్మాయి. ఒకరికొకరు కనపడరు. ఇద్దరిదీ అదే గడ్డం ఎత్తడం, అదే సగం మూసిన కళ్ళు, అదే వేలు. ఒక్కచోట సన్నాయి పైకి వెళ్ళి, ఇక రాదేమో అన్నంత దూరం వెళ్ళి, తూలకుండా కిందికి దిగింది. ‘ఆఁ’ అన్నారు ఇద్దరూ ఒక్కసారే. అప్పుడు చూసుకున్నారు. ఆయన దొంగతనం చేసి పట్టుబడ్డవాడిలా ఉత్తరీయం సర్దుకున్నారు. అది తల దించుకుంది. నేను మధ్యలో నిలబడి, ఆకులు వేశారు రమ్మన్నాను. నా మాట ఇద్దరిలో ఎవరికీ వినపడలేదు.

తిరుగు బస్సులో ఆయన నా మీదుగా వంగి, ‘ఆ ఆఖర్న వాయించింది విన్నావా?’ అన్నారు. నన్నే అనుకుని ఏమిటండీ అన్నాను. నన్ను కాదు. ‘విన్నా నాన్నగారూ, రెండోసారి ఇంకా బాగుంది’ అంది కిటికీ పక్కనున్న పిల్ల. ‘రెండోసారే బాగుంది’ అన్నారాయన. ఉయ్యూరు దాటేదాకా వాళ్ళ మాటలు నా ఒళ్ళోంచే అటూ ఇటూ వెళ్ళాయి, నాతో పని లేకుండా.

ఇక అక్కడినుంచి చూడాలి. మా వీధి చివర పెళ్ళిళ్ళ సత్రం ఒకటుండేది. లగ్గాలు ఉన్న రోజుల్లో ఆయన కొట్టు నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుని కూడా కూర్చునేవారు కాదు. అది అప్పటికే జడ వేసుకుని గుమ్మంలో ఉండేది. ఇద్దరూ సత్రం ఎదుట కిళ్ళీకొట్టు దగ్గర నిలబడి, ఊరూ పేరూ తెలియని వాళ్ళ పెళ్ళిలో సన్నాయి విని వచ్చేవారు. అప్పటికే మైకుసెట్లు వచ్చి, సినిమా రికార్డుల హోరులో సన్నాయిని ఎవరూ పట్టించుకోవడం మానేశారు. వీళ్ళిద్దరికీ మాత్రం అదే లోకం. రాగాల పేర్లు ఇద్దరికీ తెలియవు. వాళ్ళే పెట్టుకున్నారు పేర్లు. ఒకటి ‘కాలవ వదిలినప్పటిది’. ఒకటి ‘అలిగిన అత్తగారు’. ఇంకొకటి ‘ఊడ్పులైపోయిన సాయంత్రం’. బందరు కాలవకు నీళ్ళు వదలడం నేనూ చూశాను. ముందు నురగా గడ్డీ తోసుకుంటూ సన్నగా వచ్చి, తర్వాత గట్లు నిండి నిదానంగా వెళ్తుంది. అది సన్నాయిలో ఎక్కడుందో నాకు బోధపడేది కాదు. ఏమిటే అది అని అడిగితే, అది వాళ్ళ నాన్న వైపు చూసేది, ఆయన దాని వైపు చూసేవారు, ఇద్దరూ నవ్వేవారు. చెప్పకూడదని కాదు. చెప్పడానికి వాళ్ళ దగ్గరా మాటలు లేవు. ఆ లేకపోవడమే నాకు ఎక్కువ మండేది. ఈలోగా ‘నాన్నగారు’ పోయి ‘నాన్న’ వచ్చింది, ‘మీరు’ పోయి ‘నువ్వు’ వచ్చింది. దీపం దగ్గరగా పెట్టుకోమని ఆయనే కేకేసి చెప్పేవారు. పుస్తకాలకు డబ్బులు అదే వెళ్ళి అడిగేది. మా ఇంటిగలావిడ అన్నీ కనిపెట్టే మనిషి. నీళ్ళు పట్టుకునే చోట బిందె కింద పెట్టి, ‘ఏం వదినా, మాటలు మోసే ఉద్యోగం ఊడిపోయినట్టుందే’ అంది. ఆవిడ వేళాకోళానికే అంది. నాకు మాత్రం బిందె ఎత్తుకోబోతే నడుము పట్టేసినట్టయింది.

ఒక వైశాఖంలో పెద్ద గాలివాన వచ్చింది. కిళ్ళీకొట్టు రేకు ఎగిరిపోతుంటే వీళ్ళిద్దరూ సత్రంలోకి పరుగెత్తారట. వీళ్ళు నిలబడేది సరిగ్గా భోజనాల వేళ కదా, బంతికోసం కనిపెట్టుకుని ఉన్నారనుకున్నారు అక్కడివాళ్ళు. ఆడపెళ్ళివారు మగపెళ్ళివారి తరఫు అనుకున్నారు, మగపెళ్ళివారు ఆడపెళ్ళివారి తరఫు అనుకున్నారు. పెళ్ళికూతురి పెదనాన్న ఎవరో మా ఆయన చెయ్యి పట్టుకుని, ‘బావగారూ, లోపాలుంటే మనసులో పెట్టుకోకండి’ అని తీసుకెళ్ళి వరసలో కూర్చోబెట్టాడట. తాంబూలాలు పట్టుకుని, తడిసి ముద్దయి ఇంటికి వచ్చారు. నేను ఉప్మా కలిపి మూతపెట్టి కూర్చున్నాను. తెలియనివాళ్ళ పెళ్ళిలో తినొచ్చారా, పరువు లేదా అని నేను అంటుంటే, ‘పూర్ణాలు కొంచెం గట్టిపడ్డాయి, బావగారు లోపం మనసులో పెట్టుకున్నారు’ అంది అమ్మాయి. మా ఆయన నవ్వారు. నోరంతా తెరిచి, వెనకపళ్ళు కనపడేట్టు, గోడ పట్టుకుని నవ్వారు. ఆయన అలా నవ్వగలరని నాకు పెళ్ళయిన అన్నేళ్ళకు తెలిసింది. ఆ ఉప్మా నేనొక్కదాన్నే తిన్నాను.

ప్రయత్నం చేయకపోలేదు. పొద్దున్నే రేడియోలో మంగళవాద్యం వస్తుంటే పొయ్యి తగ్గించి, చెవి ఒగ్గి నిలబడేదాన్ని. పచ్చగడ్డి దొరకని మేక అరుస్తున్నట్టే ఉండేది నాకు. ఒకరోజు ధైర్యం చేసి, ఇదేనా కాలవ వదిలినప్పటిది అని ఆయన్ని అడిగాను. ఆయన పేపరు దించకుండానే, ‘నీకెందుకే అవన్నీ’ అన్నారు. విసురుగా కూడా అనలేదు. జాలిగా అన్నారు. విసురైతే మర్చిపోయేదాన్నేమో.

ఆ మరుసటి వేసవికి మైలవరం నుంచి మా అమ్మ కబురు పెట్టింది. ఆవకాయల రోజులు, తన చేతులు సాగడం లేదు, పిల్లను పంపమని. అది లగ్గాలు పోతాయని మూతి ముడిచింది. నాకు లోపల మాత్రం మండుటెండలో మజ్జిగ తాగినట్టయింది. ఆ పిల్ల వెళ్ళాక ఆయన ఒక్కరే సత్రానికి వెళ్ళి వచ్చేవారు. వచ్చి, పడక్కుర్చీలో కూర్చుని, కిటికీ వైపు చూసి, తల తిప్పుకునేవారు. ఒక సాయంత్రం కొత్తగా ఉన్నారు. చెప్పులతోనే వంటింటి గుమ్మందాకా వచ్చారు. ఎవరో పల్లెటూరి సన్నాయి ఆయనట, ఒకచోట ఒక పలుకు వేశాడట. ‘ఇది రేపటికి పోతుంది నా బుర్రలోంచి. అమ్మాయికి చెప్పాలి. నువ్వు ఎల్లుండి ఎలాగూ మైలవరం వెళ్తున్నావుగా, తీసుకెళ్ళు’ అన్నారు. మామిడికాయలో మరొకటో అయితే తీసుకెళ్తాను గానీ ఇదెలాగండీ అన్నాను. ‘నీకు ఒకసారి విన్నది పోదుగా’ అన్నారు. అది నిజమే. అలా నన్ను పీట మీద కూర్చోబెట్టి, ‘తానా నన్నా’ అంటూ నేర్పారు. నేను అన్నాను. కాదన్నారు. మళ్ళీ అన్నాను. అన్నం అడుగంటింది, ఆయన గమనించలేదు. అంతసేపు ఆయన నా ముఖంలోకి చూడటం నాకు గుర్తున్నంతలో అదే మొదలు. అయితే ఆ చూపు నా కోసం కాదని తెలుసు. పోస్టుడబ్బాలో ఉత్తరం వేసేటప్పుడు డబ్బా వంక ఎవరైనా చూస్తారు.

బస్సులో మర్చిపోతానేమోనని నోట్లో నోట్లో అనుకుంటూనే ఉన్నాను. పక్కనావిడ, పన్ను నొప్పా అమ్మా అని లవంగం ఇచ్చింది. కొండపల్లి దాటాక ఎండకు కళ్ళు మూతలు పడ్డాయి, నిద్రలోనూ పెదవులు ఆడుతూనే ఉన్నాయి. మైలవరంలో దిగి ఇల్లు చేరితే, పెరట్లో చింతచెట్టు నీడన మామిడి ముక్కలు తుడుస్తూ కూర్చుంది అమ్మాయి. ఎలా ఉన్నావనలేదు. ‘నాన్న ఏం విన్నాడే?’ అంది. చెమట కూడా తుడుచుకోకుండా చెప్పాను. ముక్క చేతిలో పట్టుకుని, గడ్డం ఎత్తింది. చివరికి వచ్చేసరికి దాని వేలు ఆగిపోయింది. మళ్ళీ చెప్పించుకుంది. ‘ఆ ఆఖర్న దిగేటప్పుడు చూడు, మెట్టు మెట్టుకీ ఆగి దిగుతోంది. నాన్నకి తప్ప ఇంకెవరికి చిక్కుతుందే అమ్మా అది’ అంది. దాని కళ్ళల్లో నీళ్ళు. మా అమ్మ మిరపకాయలు ఎండబోస్తూ, ఏమిటే తల్లీ కూతురూ ఆ కూనిరాగాలు అంది. నేను కొంగుతో ముఖం తుడుచుకుని లోపలికి పోయాను.

మర్నాడు పొద్దున్న మా అమ్మ రోట్లో కారం దంచుతోంది, నేను పక్కన జల్లెడ పడుతున్నాను. రోకలి లేచినప్పుడు ఊపిరి, పడినప్పుడు ఊపిరి, మధ్యలో చిన్నగా ఒక రాగం. మా అమ్మమ్మ దంచేటప్పుడు తీసేది అది. ఆమె దగ్గర మా అమ్మకు, మా అమ్మ దగ్గర నాకు వచ్చింది. దాన్ని పాట అని ఎవరూ అనుకోరు. రోకలి చప్పుడు ఎలాగో అదీ అలాగే. మా అమ్మ గుప్పెడు మిరపకాయలు వేసి, రాగాన్ని చివర కిందికి దించింది. మెట్టు మెట్టుకీ ఆగి. నా చేతిలో జల్లెడ ఆగిపోయింది. మనసులో ఆయన చెప్పింది చెప్పినట్టు అనుకుని చూశాను. ఆయన చెప్పినదాంట్లో ఆ దిగడం లేదు. ఆయనది తిన్నగా వచ్చి ఆగిపోతుంది. కొండపల్లి దాటాక, ఆ కునుకులో, మా అమ్మమ్మ వచ్చి చేరింది. ఏ చివర విని నా కూతురు కన్నీళ్ళు పెట్టుకుందో అది వాళ్ళ నాన్నది కాదు, నాది. గుమ్మంలో కూర్చుని అమ్మాయి ఆ దంపుడంతా వింటూనే ఉంది. వింటూ, కారం ఘాటుకు తుమ్ముతూ, ‘నాన్న ఇంకేమన్నాడు?’ అని నన్ను అడుగుతోంది. చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. చెప్పలేదు. అడగనివాళ్ళకు ఏం చెప్పను?

ఇంటికి తిరిగి వచ్చిన సాయంత్రం ఆయన వాకిట్లోనే ఎదురొచ్చారు. ఆవకాయ జాడీ అందుకుని, నా వెంటే వంటింట్లోకి వచ్చి, ‘ఏమంది?’ అన్నారు. బాగుందందని చెప్పాను. సరిగ్గా అందిందో లేదో చూస్తాను, ఒకసారి అనమన్నారు. పొయ్యి ముట్టిస్తూ, నా దగ్గరున్నది ఉన్నట్టు అన్నాను. ఆయన ముఖం మారింది. ‘ఈ ఆఖరుది నేను చెప్పింది కాదు’ అన్నారు. తర్వాత మెల్లగా, మురిసిపోతూ, ‘అమ్మాయి వేసిందా ఇది? చూశావా, ఆ పిల్ల బుర్రే బుర్ర’ అన్నారు.

అప్పుడు నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. అగ్గిపుల్ల వేళ్ళదాకా కాలింది. ‘అది నాది’ అన్నాను.

ఆయనకు అర్థం కాలేదు.

‘అమ్మాయిది కాదు, మీ సన్నాయి ఆయనది కాదు. నాది. మా అమ్మది. కారం దంచేటప్పుడు తీసేది’ అన్నాను.

ఆయన చేతిలో జాడీ కింద పెట్టారు. ‘ఇన్నేళ్ళూ ఈ ఇంట్లోనే ఉందా ఇది?’ అన్నారు.

‘ఉంది. మీరు పేపరు చదువుకుంటారు, నేను పచ్చడి నూరుతాను.’

‘మళ్ళీ అను.’

‘ముందు కాళ్ళు కడుక్కుని రండి’ అన్నాను. కావాలనే అన్నాను. ఒక్కసారైనా ఆయన నా కోసం కనిపెట్టుకుని కూర్చోవాలని. వెళ్ళి కడుక్కుని వచ్చారు. పీట లాక్కుని నాకు ఎదురుగా కూర్చున్నారు. అన్నాను. ఆయన గడ్డం పైకి లేచింది.

వేసవి అయిపోయి అమ్మాయి వచ్చాక ఆయనే దానికి చెప్పారు. అది నన్ను పైనుంచి కిందికి, కొత్తగా అద్దెకు దిగినవాళ్ళను చూసినట్టు చూసింది. ‘మరి ఆరోజు చెప్పలేదేమే?’ అంది. నువ్వు అడగలేదుగా అన్నాను. ఆ దంపుడు రాగానికీ పేరు పెట్టారు ఇద్దరూ కూర్చుని. తర్వాతి లగ్గాల నుంచి నన్నూ కిళ్ళీకొట్టు దగ్గరికి తీసుకెళ్ళడం మొదలుపెట్టారు. మంచి పలుకు పడ్డప్పుడల్లా ఇద్దరూ నా వైపు తిరిగి, నేనేమంటానోనని చూసేవారు. నాకు అప్పటికీ మేకే వినపడేది. అయినా పెద్దరికంగా తల ఊపేదాన్ని. మరుక్షణం వాళ్ళిద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకునేవారు. ఆ చూపులో మాత్రం నాకు చోటు దొరకలేదు, చివరిదాకా.

ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు మేమిద్దరమే ముసలివాళ్ళం, తల్లీ కూతురూ, ఒకరి మాత్రలు ఒకరం గుర్తుచేసుకుంటూ. ఎవరి మాటా ఎవరికీ మోయక్కర్లేదు. కిళ్ళీకొట్టు ముందు ఆ ఇద్దరి పక్కన నిలబడి, లోపల్లోపల కుతకుతలాడుతున్న ఆ పడుచు ఇల్లాలు అప్పుడప్పుడు గుర్తొస్తుంది. ఆమె దగ్గర అసూయ పడటానికి ఇద్దరు మనుషులున్నారు. కాలం ఎంత చిత్రమైనదంటే, ఇప్పుడు నాకు ఆమెను చూస్తేనే అసూయ.